పదవి ఉంటేనే ఓటు: స్థానిక కోటా ఎమ్మెల్సీ ఓటర్ల జాబితా తీరుతెన్నులు

2019 మే 31న పాత నల్లగొండ, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో మూడు స్థానిక సంస్థల ఎమ్మెల్సీ స్థానాలకు ఉప ఎన్నిక జరిగింది. ఓటు వేసినవాళ్లు 2014లో గెలిచిన ఎంపీటీసీలు, జడ్పీటీసీలు. విశేషమేమిటంటే, అప్పటికే వాళ్ల స్థానాలకు మే 6, 10, 14 తేదీల్లో మూడు విడతలుగా కొత్తగా పోలింగ్ జరిగిపోయింది. జనం వేసిన ఓట్లు సీలు వేసిన పెట్టెల్లో లెక్కింపు కోసం ఎదురుచూస్తున్నాయి. ఎమ్మెల్సీ ఓట్ల లెక్కింపు జూన్ 3న, ఎంపీటీసీ, జడ్పీటీసీ ఓట్ల లెక్కింపు జూన్ 4న. ఒక్క రోజు తేడా. దిగిపోబోయే సభ్యులతో ఎమ్మెల్సీలను ఎన్నుకోవడం ఏం న్యాయమని ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పాయి. ఎన్నిక మాత్రం ఆగలేదు. మూడు స్థానాలూ టీఆర్ఎస్ ఖాతాలో పడ్డాయి.

చట్టం దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు. పాత సభ్యుల గడువు జులై మొదటి వారం దాకా ఉంది. ఈ ఓటర్ల జాబితా అడిగేది ఒక్కటే: ఈ రోజు పదవిలో ఉన్నదెవరు? నిన్న ఉన్నవారికి, రేపు రాబోయేవారికి అందులో చోటు లేదు. శాసనమండలిలో మూడో వంతు మంది ఇలాంటి జాబితా మీదే గెలిచి వస్తారు. అయినా ఆ జాబితా ఎలా తయారవుతుంది, ఎవరిని చేర్చుకుంటుంది, ఎప్పుడు ఖాళీ అవుతుంది అన్నది ఎన్నికల వార్తల్లో ఒక మూలకే పరిమితమవుతోంది. నిజానికి స్థానిక కోటా ఎన్నికలో ఫలితం చాలాసార్లు పోలింగ్ కంటే ముందే, జాబితా దగ్గరే సగం తేలిపోతుంది.

రాజ్యాంగం 171వ అధికరణ మండలికి అయిదు దారులు చూపింది. దాదాపు మూడో వంతు సభ్యులను స్థానిక సంస్థల సభ్యులు, మరో మూడో వంతును ఎమ్మెల్యేలు ఎన్నుకోవాలి. పన్నెండో వంతు పట్టభద్రుల నుంచి, మరో పన్నెండో వంతు ఉపాధ్యాయుల నుంచి రావాలి. మిగిలినవారిని గవర్నర్ నామినేట్ చేస్తారు. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మందికి 20 మంది, తెలంగాణ మండలిలో 40 మందికి 14 మంది స్థానిక సంస్థల కోటావారే. 1985లో రద్దయిన మండలి 2007లో ఉమ్మడి రాష్ట్రంలో తిరిగి వచ్చినప్పుడు 90 మందిలో 31 మంది ఈ దారినే రావాలని లెక్క కట్టారు. నియోజకవర్గాలు ఇప్పటికీ ఉమ్మడి జిల్లాల సరిహద్దులతోనే ఉన్నాయి.

జాబితా తయారీ విధానం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. అసెంబ్లీ ఓటర్ల జాబితా కోసం బూత్ స్థాయి అధికారి ఇంటింటికీ తిరుగుతాడు. వయసు, నివాసం చూస్తాడు. ఇక్కడ ఆ పని లేదు. నియోజకవర్గంలోని స్థానిక సంస్థల సభ్యులందరికీ పదవి వల్లనే నమోదు హక్కు వస్తుంది. ఓటర్ల నమోదు అధికారి తన కార్యాలయంలో ఈ జాబితాను ఎప్పటికప్పుడు సరిదిద్ది ఉంచాలి. అందుకు సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆయా సంస్థల ముఖ్య కార్యనిర్వహణాధికారులది. సభ్యుడు చనిపోయినా, రాజీనామా చేసినా, అనర్హుడైనా, ఉప ఎన్నికలో కొత్తవారు వచ్చినా వెంటనే తెలియజేయాలి. కబురు అందగానే పాత పేరు కొట్టేసి, కొత్త పేరు రాస్తారు.

మరో రెండు నిబంధనలు కూడా కీలకమైనవే. ఒక నియోజకవర్గంలో ఒకరి పేరు ఒక్కసారే ఉండాలి. ఎవరైనా రెండు మూడు స్థానిక సంస్థల్లో సభ్యులైనా ఓటు ఒక్కటే. రెండోది, నామినేషన్ల దాఖలుకు చివరి తేదీ దాటాక ఎన్నిక పూర్తయ్యేదాకా జాబితాలో మార్పులు చేయకూడదు. అందుకే నోటిఫికేషన్ వెలువడ్డ రోజు నుంచి నామినేషన్ల గడువు ముగిసేలోపు పార్టీల కార్యాలయాల్లో ఈ జాబితా మీదే కుస్తీ నడుస్తుంది: ఎవరి పేరు చేరింది, ఎవరిది చేరలేదు, ఎక్స్‌అఫీషియో సభ్యుల్లో (ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ హోదాతో సభ్యులైనవారిలో) ఎవరు ఏ మున్సిపాలిటీని ఎంచుకున్నారు అని.

ఇంతకూ స్థానిక సంస్థ అంటే ఏది? అది తేల్చే అధికారం రాజ్యాంగం పార్లమెంటుకే ఇచ్చింది. 1950 చట్టం నాలుగో షెడ్యూలులో రాష్ట్రాలవారీగా పట్టిక ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో నగరపాలక సంస్థలు, మున్సిపాలిటీలు, నగర పంచాయతీలు, కంటోన్మెంట్ బోర్డులు, జిల్లా ప్రజా పరిషత్తులు, మండల ప్రజా పరిషత్తులు ఈ లెక్కలోకి వస్తాయి. గ్రామ పంచాయతీ రాదు. ఊళ్లో జనం నేరుగా ఎన్నుకున్న సర్పంచికి ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు లేదు. అదే ఊరి ఎంపీటీసీకి ఉంది.

సరిహద్దు దాటి కర్ణాటకలోకి అడుగుపెడితే లెక్క మారిపోతుంది. అక్కడ గ్రామ పంచాయతీ సభ్యులు కూడా ఓటర్లే. 2021 డిసెంబరులో 25 స్థానాలకు జరిగిన ఎన్నికల్లో ఓటర్ల సంఖ్య దాదాపు లక్ష. బిహార్‌లో పంచాయతీ వార్డు సభ్యులు, ముఖియాలు కలుపుకొని 24 స్థానాలకు లక్షకు పైగా ఓటర్లున్నారు. ఉత్తరప్రదేశ్‌లో గ్రామ ప్రధానులు ఓటు వేస్తారు. మహారాష్ట్ర మరో కొస. అక్కడ జాబితా ప్రధానంగా జిల్లా పరిషత్, పురపాలక సభ్యులతో ముగుస్తుంది కాబట్టి చాలాచోట్ల ఓటర్లు వందల్లోనే ఉంటారు. ఒకే రాజ్యాంగం, ఒకే అధికరణ, ఒకే రకం సభ. ఒక రాష్ట్రంలో వార్డు సభ్యురాలికున్న హక్కు పక్క రాష్ట్రంలో సర్పంచికే లేదు.

తెలుగు రాష్ట్రాల సర్పంచులు ఈ ఓటు అడగడంలో న్యాయముంది. అయితే దాని పర్యవసానం కూడా చూడాలి. 2019లో తెలంగాణలో ఎన్నికలకు వెళ్లిన ఎంపీటీసీ స్థానాలు 5,817, జడ్పీటీసీ స్థానాలు 538. గ్రామ పంచాయతీలు పన్నెండు వేలకు పైనే. సర్పంచులను కలిపితే చాలు, గ్రామీణ ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా మూడింతలవుతుంది. పట్టణ కౌన్సిలర్ల పాలు తగ్గిపోతుంది. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు కాబట్టి గెలుపోటముల అంచనాలూ తారుమారవుతాయి. ఎన్నుకునేవారి సంఖ్య పెరిగితే కొనుగోళ్లకు, బెదిరింపులకు లొంగే అవకాశం తగ్గుతుందన్న వాదన బలమైనదే. కాకపోతే ఆ మార్పు పార్లమెంటు చట్ట సవరణతోనే రావాలి. రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చి చేయగలిగింది కాదు.

జాబితాలో ఎక్కువ చర్చ జరగాల్సిన భాగం ఎక్స్‌అఫీషియో సభ్యులది. 2025 ఏప్రిల్ 23న జరిగిన హైదరాబాద్ స్థానిక సంస్థల ఎన్నికను దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. గ్రేటర్ హైదరాబాద్‌కు అప్పుడున్న డివిజన్లు 150. కానీ నియోజకవర్గం హైదరాబాద్ జిల్లాకే పరిమితం కాబట్టి జాబితాలోకి వచ్చిన కార్పొరేటర్లు 81 మంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డుకు ఎన్నికైన పాలకవర్గం లేదు; 2023 ఏప్రిల్‌లో జరగాల్సిన ఎన్నికలను రక్షణ శాఖ రద్దు చేసింది. జిల్లాలో గ్రామీణ ప్రాంతమే లేదు కాబట్టి ఎంపీటీసీలు, జడ్పీటీసీల ప్రసక్తి లేదు. మిగిలిన 31 మంది ఎక్స్‌అఫీషియో హోదా ఉన్న ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు. మొత్తం 112.

అందులో ఓటు వేసినవారు 88 మంది. బీఆర్ఎస్ పోలింగ్‌కు దూరంగా ఉంది. మజ్లిస్ అభ్యర్థి మీర్జా రియాజుల్ హసన్ ఎఫెండీకి 63, బీజేపీ అభ్యర్థి గౌతంరావుకు 25 ఓట్లు వచ్చాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం 39 లక్షలకు పైగా జనం ఉన్న జిల్లా నుంచి ఎమ్మెల్సీని 63 ఓట్లు ఎన్నుకున్నాయి. జాబితాలో నాలుగో వంతుకు మించి స్థానిక సంస్థకు నేరుగా ఎన్నికైనవారు కారు.

ఎమ్మెల్యేకు మండలిలో విడిగా మూడో వంతు కోటా ఉంది. ఆ కోటా ఎన్నికలో ఓటు వేసిన ఎమ్మెల్యేనే మళ్లీ స్థానిక కోటాలోనూ ఓటరు. మండలిలో కూర్చున్న ఎమ్మెల్సీ తన పక్క సీటులోకి ఎవరు రావాలో తేల్చే ఓటు వేస్తారు. 2024 మార్చి 28న మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల ఉప ఎన్నికలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కొడంగల్ ఎమ్మెల్యేగా ఎక్స్‌అఫీషియో హోదాలో ఓటు వేశారు. చట్టం ఇచ్చిన హక్కునే ఆయన వాడుకున్నారు. 1,439 మంది ఓటర్లున్న మహబూబ్‌నగర్‌లో ఎక్స్‌అఫీషియో ఓట్లు పెద్దగా కనిపించవు. 112 మంది ఉన్న హైదరాబాద్‌లో అవే ఫలితాన్ని మలుపు తిప్పగలవు. ఊరిని, వార్డును మండలిలో వినిపించడానికి పెట్టిన కోటాలోకి అసెంబ్లీ, పార్లమెంటు బలం వచ్చి చేరితే ఆ కోటా ఉద్దేశమే నీరుగారుతుంది.

నామినేటెడ్ సభ్యుల సంగతి ఇంకా చిక్కు. 2021 డిసెంబరు ఎన్నికల్లో కర్ణాటకలోని చిక్కమగళూరు స్థానం నుంచి బీజేపీ అభ్యర్థి ఎం.కె. ప్రాణేశ్ 6 ఓట్ల తేడాతో గెలిచారు. పట్టణ పంచాయతీలకు ప్రభుత్వం నామినేట్ చేసిన సభ్యులు కూడా ఓటు వేశారని, వాళ్లకు ఆ హక్కే లేదని ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి గాయత్రీ శాంతేగౌడ కోర్టుకెక్కారు. వివాదం హైకోర్టు దాకా, అక్కడి నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పురపాలనలో ప్రత్యేక అనుభవం ఉందని నామినేట్ చేసిన సభ్యులకు పురపాలక సమావేశాల్లోనే ఓటు హక్కు ఉండదని రాజ్యాంగం 243ఆర్ అధికరణ చెబుతోంది. అలాంటి పేర్లు జాబితాలోకి ఎక్కితే, పోలింగ్ అయ్యాక పెట్టెలో కలిసిన ఓటును వెనక్కి తీయడం ఎంత కష్టమో ఆ కేసు సాగిన ఏళ్లే చెబుతాయి. ప్రభుత్వమే నామినేట్ చేసి, ఆ నామినేషన్‌తో ఓటరును తయారుచేసే వీలు ఉండకూడదు.

ఇక ఓటు విలువ. 2020 అక్టోబరు 9న నిజామాబాద్ స్థానిక సంస్థల ఉప ఎన్నిక జరిగింది. ఓటర్లు 824; ఓటు వేసినవారు 823. కల్వకుంట్ల కవితకు 728, బీజేపీకి 56, కాంగ్రెస్‌కు 29 ఓట్లు వచ్చాయి, 10 చెల్లలేదు. పాత నిజామాబాద్ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 25 లక్షల 51 వేలు. అంటే దాదాపు 3,100 మందికి ఒక ఓటరు. హైదరాబాద్‌లో 112 మందితో లెక్కవేస్తే 35,000 మందికి ఒక ఓటరు. రెండు చోట్లా ఓటు విలువ ఒకటే. మూడు నాలుగు వేల మందికి ప్రతినిధి అయిన ఎంపీటీసీకీ, నలభై వేల మందికి ప్రతినిధి అయిన కార్పొరేటర్‌కీ బ్యాలెట్ పత్రం మీద తేడా లేదు. పైగా హైదరాబాద్‌కు రెండు స్థానాలుంటే నిజామాబాద్‌కు ఒకటే.

ఓటుకు జనాభా ప్రకారం విలువ కట్టడం ఈ దేశానికి కొత్త కాదు. రాష్ట్రపతి ఎన్నికలో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 208, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేది 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. అక్కడ అంత జాగ్రత్తగా వేసిన తూకం ఇక్కడ అసలే లేదు.

ఫ్రాన్స్ ఈ చిక్కును మరోలా విప్పుకుంది. అక్కడి సెనేట్‌లో 348 మంది సభ్యులను ఎన్నుకునే ఓటర్లు సుమారు 1,62,000 మంది. వారిలో దాదాపు 95 శాతం పురపాలక మండళ్ల ప్రతినిధులే. చిన్న ఊళ్లు తమ మండలి పరిమాణాన్ని బట్టి ఒకరి నుంచి పదిహేను మందిని పంపుతాయి. 9,000 జనాభా దాటితే మండలి సభ్యులందరూ ఓటర్లవుతారు. 30,000 దాటిన పట్టణాలు ప్రతి 800 మంది అదనపు జనాభాకు మరో ప్రతినిధిని చేర్చుకుంటాయి. ఓటు విలువ మార్చకుండా ఓటర్ల సంఖ్యనే జనాభాకు దగ్గరగా తెచ్చే పద్ధతి అది. చిన్న ఊళ్ల వైపు మొగ్గు ఇంకా మిగిలే ఉందన్న విమర్శ అక్కడా వినిపిస్తుంది. ఓటు వేయడం తప్పనిసరి. సరైన కారణం లేకుండా రాకపోతే వంద యూరోల జరిమానా. హైదరాబాద్‌లో 24 మంది ఓటు వేయకపోయినా అడిగేవారు లేరు.

ఈ జాబితాకున్న అన్నిటికంటే పెద్ద బలహీనత అది ఖాళీ కావడం. అసెంబ్లీ ఓటర్ల జాబితా ఎన్నడూ ఖాళీ కాదు. ఇది మాత్రం స్థానిక సంస్థల గడువుతో పుట్టి, గడువుతో పోతుంది. పాలకవర్గాల గడువు తీరి ప్రత్యేకాధికారుల పాలన మొదలైతే ఆ సంస్థ తరఫున ఓటరే ఉండడు, ఎందుకంటే ప్రత్యేకాధికారి సభ్యుడు కాదు. అందుకే ఎన్నికల సంఘం ఒక కొలమానం పెట్టుకుంది. నియోజకవర్గంలో కనీసం 75 శాతం స్థానిక సంస్థలు పనిచేస్తుండాలి, మొత్తం ఓటర్లలో కనీసం 75 శాతం మంది పదవిలో ఉండాలి. అప్పుడే ఎన్నిక పెడతారు.

ఉమ్మడి రాష్ట్రంలో పురపాలక సంఘాల గడువు 2010లో, మండల, జిల్లా పరిషత్తుల గడువు 2011లో తీరిపోయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2014 మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఆ మధ్యకాలంలో చాలా జిల్లాల్లో స్థానిక కోటాకు ఓటర్లే లేకుండా పోయారు. విభజన తర్వాత 2015లో గానీ రెండు రాష్ట్రాల్లోనూ ఆ స్థానాలకు ఎన్నికలు జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చిలో మొదలైన ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు కొవిడ్‌తో ఆగి, 2021 ఏప్రిల్ 8న పోలింగ్ జరిగి, హైకోర్టు వ్యాజ్యాలు దాటుకుని సెప్టెంబరు 19న లెక్కింపునకు వచ్చాయి. జూన్‌లో ఖాళీ అయిన స్థానిక కోటా స్థానాలు అప్పటిదాకా ఆగాల్సి వచ్చింది. మహారాష్ట్రలో 2022లో గడువు తీరిన నగరపాలక సంస్థలు, జిల్లా పరిషత్తులకు ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు. 2025 మేలో సుప్రీంకోర్టు నాలుగు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. ఆలోగా అక్కడి మండలిలో స్థానిక కోటా స్థానాలు ఒకటొకటిగా ఖాళీ అవుతూ పోయాయి.

ఐదేళ్ల గడువు ముగిసేలోపే స్థానిక ఎన్నికలు జరపాలని 243ఈ, 243యు అధికరణలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ ఆదేశాన్ని తోసిపుచ్చిన ప్రతిసారీ నష్టం గ్రామం, పట్టణంతో ఆగదు. ఎగువ సభలో వాటి గొంతు కూడా మూగబోతుంది.

ఐర్లండ్ పద్ధతి ఈ విషయంలో చూడదగ్గది. అక్కడి సెనేట్‌లో 60 మందికి 43 మందిని ఎంపీలు, దిగిపోతున్న సెనేటర్లు, 949 మంది కౌంటీ, నగర కౌన్సిలర్లు కలిసి ఎన్నుకుంటారు. కౌన్సిలర్ల ఎన్నికలు ఐదేళ్లకోసారి క్రమం తప్పకుండా జరుగుతాయి కాబట్టి ఓటర్ల జాబితా ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. బ్యాలెట్ రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లి, పోస్టులోనే తిరిగి వస్తుంది.

ఇక్కడ మాత్రం పోలింగ్‌కు ముందు బస్సులు బయలుదేరతాయి. ఓటర్లు వందల్లో ఉంటే ప్రతి ఓటరూ పేరుతో, ఫోన్ నంబరుతో, బంధువులతో సహా అభ్యర్థులకు తెలుసు. బ్యాలెట్ రహస్యమే, పైగా విప్ ఉండదు. అందుకే క్యాంపులు. బలం ఉన్న పార్టీకి కూడా నమ్మకం ఉండదు. 2017 మార్చిలో కడప స్థానిక సంస్థల స్థానంలో ఎక్కువమంది సభ్యులు వైఎస్సార్‌సీపీ వారే. గెలిచింది టీడీపీ అభ్యర్థి బీటెక్ రవి, 38 ఓట్ల తేడాతో. ఓడినవారు వైఎస్ వివేకానందరెడ్డి. దీనికి పూర్తిగా ఎదురుగా మరో దృశ్యం ఉంది. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 11 స్థానిక కోటా స్థానాలకు 11 కూడా ఏకగ్రీవమయ్యాయి. అదే సమయంలో తెలంగాణలో 12 స్థానాలకు ఆరు ఏకగ్రీవం. గుర్తింపు లేని పార్టీ వారు, స్వతంత్రులు పోటీ చేయాలంటే జాబితాలోని పదిమంది ఓటర్లు ప్రతిపాదకులుగా సంతకం పెట్టాలి. ఓటర్లందరూ పార్టీల గుర్తు మీద గెలిచినవారైన చోట ఆ పది సంతకాలు దొరకడమే పెద్ద గండం. ప్రతిపాదకులు తమ సంతకం కాదన్నారంటే నామినేషన్ చెల్లదు.

సరిచేయాల్సినవి దీన్నిబట్టి స్పష్టంగానే కనిపిస్తాయి. ఎమ్మెల్యేలకు తమ కోటా ఉంది కాబట్టి స్థానిక కోటా జాబితా నుంచి ఎక్స్‌అఫీషియో సభ్యులను తప్పించాలి. నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదని 27వ సెక్షన్‌లోనే ఒక వాక్యం రాయాలి. ప్రతి పేరు పక్కన ఆ ఓటరు ఏ సంస్థలో ఏ హోదాతో ఉన్నారో, గడువు ఎప్పటితో తీరుతుందో తెలిసేలా జాబితాను ఏడాది పొడవునా జనం చూడగలిగేచోట ఉంచాలి. నోటిఫికేషన్ వచ్చాక హడావుడిగా సరిదిద్దే పద్ధతి పోవాలి. పట్టణ, గ్రామీణ ఓటు విలువల మధ్య తూకం గురించి పార్లమెంటు చర్చించాలి. సర్పంచి ఓటు ప్రశ్న ఆ చర్చలో భాగం కావాలి. వీటిలో చాలావాటికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు.

చేతిలో ఉన్న కాలం తక్కువే. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఏకగ్రీవంగా ఎన్నికైన 11 మంది గడువు 2027 డిసెంబరులో, తెలంగాణలో ఆ ఏడాదే ఎన్నికైన 12 మంది గడువు 2028 జనవరిలో ముగుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చిలో గెలిచిన పురపాలక సభ్యుల ఐదేళ్లు 2026 మార్చితోనూ, ఎంపీటీసీ, జడ్పీటీసీల ఐదేళ్లు అదే ఏడాది సెప్టెంబరుతోనూ పూర్తవుతాయి. తెలంగాణలో ఎంపీటీసీలు, జడ్పీటీసీల గడువు 2024 జులైలో, చాలా మున్సిపాలిటీలది 2025 జనవరిలో తీరిపోయింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఆ 23 స్థానాలకు ఓటు వేయాల్సినవారు కొత్త స్థానిక ఎన్నికల్లో గెలిచి రావాల్సిందే. ఆ ఎన్నికల్లో ఎంపీటీసీకో, కౌన్సిలర్‌కో ఓటు వేసే మనిషి, తనకు తెలిసినా తెలియకపోయినా, మండలికి వెళ్లే మనిషిని తేల్చే జాబితాలో ఒక పేరు రాస్తున్నట్టే.